రేవు మీద నిలబడి సముద్రం లెక్క తీయడం ఎలా

ఈ ఏడు రేవుకి ఎన్ని టన్నుల చేప దిగిందో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ చేప ఏం తిని పెరిగింది, ఎక్కడ గుడ్డు పెట్టింది, దాని పిల్లలు ఏ వలలో పోయాయి, దాన్ని తిని బతికే పెద్ద చేపకి ఏం మిగిలింది, పట్టినవాడి ఇంటికి చివరికి ఎంత చేరింది అని అన్నీ కలిపి చూసేవాళ్లు తక్కువ. అలా కలిపి చూసి, ఆ చూసినదాన్ని బట్టి వేట మీద కట్టుబాట్లు పెట్టుకోవడాన్ని పర్యావరణ వ్యవస్థ ఆధారిత మత్స్య నిర్వహణ అంటారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2003లో దీనికి మార్గదర్శకాలు వేసింది. పేరు చూసి భయపడకండి. ఒక చెక్క పలక, స్కేలు, స్ప్రింగు కాటా, నోటుబుక్కు, ఏడాది ఓపిక ఉంటే మీ రేవులోనే మొదలుపెట్టొచ్చు.

సచివాలయంలో మత్స్య సహాయకులుగా ఉన్నవాళ్లు, ఫిషరీస్ చదువుతున్నవాళ్లు, సహకార సంఘంలో నాలుగు అక్షరాలు వచ్చిన కుర్రాళ్లు ఎవరైనా చేయగల పని ఇది. ఉదాహరణలన్నీ విశాఖ, కాకినాడ, గోదావరి తీరం వైపువి. మీ రేవు బాపట్లదైనా నెల్లూరుదైనా పద్ధతి మారదు, చేపల పేర్లు మారతాయంతే.

ముందు మీ సముద్రానికి హద్దు గీయండి

బంగాళాఖాతం మొత్తం లెక్క మీరు తీయలేరు. మీ రేవు పడవలు ఎంత దూరం వెళ్తాయో అంతే మీ సముద్రం. పెద్ద చార్టు కాగితం పరిచి తీరం గీయండి. ఏరు కలిసే చోటు, మడ అడవి, బురద నేల, ఇసుక నేల, వలలు చిరిగే రాతి గుట్టలు, ఫ్యాక్టరీ నీళ్లు కలిసే కాలువ, అన్నీ పెట్టండి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దగ్గర ఒక గీత గీయండి. ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం 1994 నాటిది. దాని కింద ఆ గీతకి లోపలి నీళ్లు సంప్రదాయ పడవలవి, మరబోట్లు బయటే వేటాడాలి. గీత కాగితం మీద ఉండటం వేరు, నీళ్ల మీద ఉండటం వేరు అని మీకు చెప్పక్కర్లేదు.

ఈ పటం ఒక్కసారి గీస్తే చాలదు. తెప్పలవాళ్లతో ఒకసారి, మరబోటు నడిపే సరంగులతో ఒకసారి, చేపలమ్మే ఆడవాళ్లతో ఒకసారి, మూడు సార్లు విడివిడిగా గీయించండి. అందరినీ ఒకచోట కూర్చోబెడితే బోటు ఓనరు మాట్లాడతాడు, మిగతావాళ్లు తల ఊపుతారు. మూడు పటాలూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయో చూస్తే మీ రేవు తగాదాలన్నీ అక్కడే కనిపిస్తాయి. 2022 జనవరిలో విశాఖ తీరంలో, చేపల గుంపుని చుట్టి పట్టే రింగు వలల తగాదా పడవలు తగలబడేదాకా పోయింది. అలాంటివి ముందు కాగితం మీద కనిపించడం మంచిది.

పేర్ల పుస్తకం

చిన్న పనిలా ఉంటుంది కానీ దీన్ని దాటేస్తే ఏడాది లెక్కంతా బూడిదలో పోసినట్టే. ఒకే చేపకి రేవుకో పేరు ఉంటుంది. వంజరం అన్నదాన్నే ఇంకో ఊళ్లో కోనెం అంటారు. సముద్రంలో ఇలస అయినది గోదావరి ఎక్కితే పులస. కొన్ని చేపలకి చిన్నప్పుడు ఒక పేరు, పెద్దయ్యాక ఇంకో పేరు. అది తెలియకపోతే పిల్లల్ని వేరే జాతి కింద రాసేసి, పెద్దవి తగ్గిపోయాయి అనుకుంటాం. ప్రతి చేపకీ స్కేలు పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. కింద మీ రేవు పేర్లన్నీ రాసి, శాస్త్రీయ నామం ఏమిటో విశాఖలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రంలో చూపించి ఖాయం చేసుకోండి.

మన పేర్లని తక్కువ చేయకండి. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో పోగేసిన 200 చేపల బొమ్మలు, వర్ణనలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. మన జాలర్లు చెప్పిన పేర్లనే ఆయన ఇంగ్లిషు లిపిలో రాసుకున్నాడు. కనగర్త శాస్త్రీయ నామం ఈనాటికీ రాస్ట్రెల్లిగర్ కనగుర్తా. ప్రపంచమంతా ఆ చేపని మన మాటతోనే పిలుస్తోంది.

పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని లెక్కలోకి తెండి

పాత అంకెలు మీ దగ్గర ఉండవు. ఉన్నా అవి జిల్లావో రాష్ట్రానివో అయి ఉంటాయి. మీ రేవుకి పాత లెక్క అంటే తాతల జ్ఞాపకమే. అయితే ‘‘మీ కాలంలో చేపలు ఎలా ఉండేవి తాతా’’ అని అడిగితే ‘‘అబ్బో’’ అనే వస్తుంది. ఆ అబ్బోతో మనకి పని లేదు.

సంవత్సరాలు అడగొద్దు, తుపాన్లు అడగండి. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన, 1990 మే తుపాను, 1996 నవంబరులో కాకినాడ వైపు బోట్లు ముంచేసిన తుపాను, 2004 డిసెంబరు సునామీ, 2014 అక్టోబరు 12 హుద్‌హుద్. తీరంలో ఎవరూ వీటిని మర్చిపోరు. ‘‘సునామీకి ముందు ఏడు మీ పడవ ఏది? వల ఎన్ని బారలు? వంజరం ఎంత లోతులో దొరికేది? ఎంత పొడవుండేది, చేత్తో చూపించు.’’ చేత్తో చూపించినదాన్ని టేపుతో కొలవండి. అప్పటి పిల్లడు ఇప్పుడు సరంగు అయ్యుంటే అతన్నీ అవే ప్రశ్నలు అడగండి. తాతకి పెద్ద చేప అంటే ఒక కొలత, మనవడికి ఇంకో కొలత అని తేలుతుంది. మత్స్య శాస్త్రవేత్త డేనియల్ పౌలీ 1995లో రాసింది దీని గురించే. ప్రతి తరం తాను మొదట చూసిన సముద్రమే అసలు సముద్రం అనుకుంటుంది, దాంతో తరుగు ఎవరి కంటికీ ఆనదు.

రంపం చేప గురించి తప్పకుండా అడగండి. చివరిసారి ఎప్పుడు వలలో పడిందో గుర్తు చేసుకోమనండి. అది ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, పట్టడం నేరం. పాత సంగతి చెప్పినందుకు ఎవరినీ ఏమీ అనరని ముందే చెప్పండి.

దిగుబడి రాయడం

రోజూ రాయాలనుకుంటే పది రోజుల్లో మానేస్తారు. నెలకి ఎనిమిది రోజులు చాలు. కానీ ఆ ఎనిమిదీ మీకు వీలైనవి కాకూడదు, చీటీలు తీయండి. వేట బాగా పడిన రోజే రేవుకి వెళ్లే అలవాటు అందరికీ ఉంటుంది, ఆ అలవాటే లెక్కని చెడగొడుతుంది. ఆ రోజు వచ్చిన పడవల్లో ప్రతి అయిదోదాన్నో పదోదాన్నో చూడండి. చిన్న రేవైతే అన్నీ చూడొచ్చు.

ఒక్కో పడవకి రాయాల్సినవి ఇవి: ఏ రకం పడవ, ఏ వల, దాని కన్ను (గడి) సైజు ఎంత, ఎంత దూరం వెళ్లింది, వల ఎన్ని గంటలు నీళ్లలో ఉంది, ఎంతమంది వెళ్లారు, డీజిల్ ఎంత తాగింది, ఏ చేప ఎన్ని కిలోలు, వేలంలో ఏ ధర పలికింది, ఖర్చులు పోను కళాసీకి (బోటు కూలీకి) వాటా ఎంత వచ్చింది. చివరి రెండూ చేపల లెక్క కాదు కదా అనిపించవచ్చు. ఈ పద్ధతిలో మనిషి కూడా సముద్రంలో భాగమే. కిలోలు పెరుగుతూ కళాసీ వాటా తగ్గుతోందంటే ఆ రేవులో వేట బాగుందని రాయలేం.

నేను మొదటి నెల చేసిన తప్పు చెబుతాను. వేలం పాటకి పెట్టిన చేపనే రాసుకున్నాను. చందువ ఇన్ని కిలోలు, రొయ్య ఇన్ని, సావళ్లు ఇన్ని. పుస్తకం శుభ్రంగా ఉంది. బోటు పక్కన నల్లగా ఒక కుప్ప పడుంది, చేపల్ని పొడి చేసే పిండిమర లారీకి ఎత్తే చెత్త చేప. దాని మీదుగా దాటుకుంటూ వెళ్లేవాణ్ని. ఎండు చేపలు చేసే ఒక అవ్వ ఆ కుప్పలో చేయి పెట్టి వేలెడంత వంజరం పిల్లలు మూడు తీసి నా పుస్తకం మీద పెట్టింది. ‘‘వీటికి నీ కాగితంలో గడి లేదా నాయనా?’’ అంది. లేదు. ఆ రోజు నుంచి సముద్రపు నేల మీద వల ఈడ్చే ప్రతి ట్రాల్ బోటుకీ కుప్పలోంచి ఒక బుట్ట ఎత్తి, పోసి, జాతుల వారీగా ఏరడం మొదలుపెట్టాను. అరగంట పడుతుంది, చేతులు రెండు రోజులు వాసనొస్తాయి. కానీ మీ లెక్కలో అన్నిటికన్నా విలువైన పేజీ అదే. పులి రొయ్య పిల్లలు, పీత పిల్లలు, గులివింద చేపలు, చిన్న సొరలు, ఎవరూ కొనని నక్షత్ర చేపలు, గవ్వలు, అన్నీ రాయండి. నేలని ఎంత గీరారో నక్షత్రాలూ గవ్వలే చెబుతాయి.

పొడవు, జన, పొట్ట

ఖరీదైన పరికరం ఏదీ లేకుండా చేప గురించి తెలుసుకోవడానికి ఈ మూడూ చాలు. జన అంటే చేప పొట్టలోని గుడ్లు.

పలకకి ఒక చివర అడ్డచెక్క కొట్టి, దానికి ఆనించి స్కేలు అంటించండి. చేప మూతి అడ్డచెక్కకి తగలాలి, తోక చివర ఎక్కడ ఆగిందో అది పొడవు. కొందరు తోక చీలిక దగ్గరకి కొలుస్తారు. ఏదో ఒకటే పెట్టుకోండి, దాన్ని మొదటి పేజీలోనే రాసేయండి. ఒక బుట్టని మొత్తం కొలవండి, పైవి ఏరకండి. బుట్ట పైన ఎప్పుడూ పెద్ద చేపలే పేర్చి ఉంటాయి, అది వ్యాపారం.

పొడవులు వచ్చాక మూడే ప్రశ్నలు. వీటిలో ఒక్కసారైనా గుడ్డు పెట్టే వయసుకి వచ్చినవి ఎన్ని? పూర్తిగా పెరిగే దాకా ఆగి పట్టినవి ఎన్ని? బాగా ముదిరిన తల్లిచేపలు ఎన్ని? మొదటి ప్రశ్నకి జవాబు సగం కన్నా తక్కువైతే తీవ్రంగా తీసుకోవాలి. ఏ జాతి ఎంత పొడవులో గుడ్డుకి వస్తుందో పరిశోధన కేంద్రంలో అడిగితే చెబుతారు. కేరళ 2015లో కొన్ని చేపలకి కనీస పొడవు చట్టంగా పెట్టింది. కనగర్తకి 14 సెంటీమీటర్లు, నూనె కవళ్లకి 10. మన కొలతలు చూసుకోవడానికి ఇవి మొదటి ఆనవాలుగా పనికొస్తాయి. అవే ఆఖరి మాట అనుకోకండి.

జన ఎప్పుడు పడుతోందో తెలుసుకోవడానికి చేపలు కోసి ఇచ్చే ఆడవాళ్ల దగ్గర కత్తిపీట పక్కన ఒక గంట కూర్చోండి. రోజుకి వందల పొట్టలు చీల్చే చేతులు అవి. ఏ నెల ఏ చేపకి జన గట్టిగా ఉందో, ఏ నెల పలచబడి కారిపోతోందో, ఏ నెల ఉత్త సంచి మిగిలిందో వాళ్లు చూడకుండానే చెబుతారు. వాళ్లకో క్యాలెండరు ఇచ్చి, జన కనబడిన రోజు చుక్క పెట్టమనండి. ఏడాది తిరిగేసరికి ఆ చుక్కలు చూస్తే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం మీ రేవు చేపల్లో దేనికి అచ్చంగా కలిసొచ్చిందో, దేనికి తప్పిపోయిందో తెలిసిపోతుంది. అన్ని చేపలూ వేసవిలోనే గుడ్డు పెట్టవు.

అదే కత్తిపీట దగ్గర పొట్టలో ఏముందో కూడా రాయండి. సావిడి పొట్టలో నెత్తళ్లు, సూర పొట్టలో కవళ్లు, సొర పొట్టలో ఇంకో చేప తల. పెద్ద కాగితం మీద ఎవరు ఎవరిని తింటారో గీతలు కలపండి. శాస్త్రవేత్తలు కంప్యూటరులో గీసే ఆహార వల నమూనా కూడా మూలంలో ఇదే. గీతలు గీశాక ఒక్కో చేప మీద వేలు పెట్టి, ‘‘దీన్ని మొత్తం పట్టేస్తే ఎవరి అన్నం పోతుంది?’’ అని అడగండి. కవళ్లూ నెత్తళ్లూ పిండిమరకి పోతే దాని ఫలితం సూర మీదా వంజరం మీదా పడుతుంది. విడివిడిగా జాతి లెక్కలు వేస్తే ఈ సంగతి ఏ పట్టికలోనూ కనిపించదు.

వలకి బయట ఉన్నది

పులస కథ మనందరికీ తెలుసు. పుస్తెలమ్మైనా తినాలంటారు. గోదావరికి ఎర్రనీళ్లు తగలగానే సముద్రంలోని ఇలస ఏరు ఎక్కుతుంది. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాక దాని దారి అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు పులస తగ్గిందంటే వల ఒక్కటే కారణమా? ఏటికి నీళ్లు ఎప్పుడు, ఎంత వదిలారో పక్కన రాసుకోకుండా ఆ చేప మీద మీరు ఏ తీర్పూ చెప్పలేరు.

కోరంగి మడ అడవి కూడా అంతే. దాదాపు 235 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది. రొయ్య పిల్లలు, పండుగప్ప పిల్లలు ఆ వేళ్ల సందుల్లో దాక్కుని పెరుగుతాయి. మీ ఏటి మూతి దగ్గర మడ ఎంత ఉంది, గట్లు వేసి చెరువులు తవ్వాక నీళ్ల పోటుపాట్లు ఎలా మారాయి, ఏటి మొగ ఏ నెలల్లో ఇసుకతో మూసుకుపోతోంది, ఇవన్నీ నెలకోసారి నడిచి చూసి రాయండి. ఒకేచోట నిలబడి ఫొటో తీయండి.

జనవరి నుంచి మార్చి దాకా తెల్లవారుజామున ఒడ్డు వెంట నడక పెట్టుకోండి. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కాలం అది. చచ్చి కొట్టుకొచ్చినది కనబడితే తేదీ, చోటు, డొప్ప పొడవు అందాజుగా రాసి అటవీ శాఖకి చెప్పండి. ముట్టుకోకండి. ఎక్కువ కొట్టుకొచ్చిన వారం ఏ బోట్లు ఎక్కడ వేటాడాయో మీ దిగుబడి పుస్తకంలో ఉంటుంది. రెండు పుస్తకాలూ పక్కన పెట్టి చూడండి.

అంకెలు మోసం చేసే చోటు

ఒక ఉదాహరణ అనుకుందాం. పోయిన ఏడు ఒక బోటు గంటకి 20 కిలోలు తెచ్చింది, ఈ ఏడూ 20 కిలోలే. చేప తగ్గలేదు అని రాసేస్తారా? పోయిన ఏడు 20 కిలోమీటర్లు వెళ్లేది, ఈ ఏడు 60 వెళ్తోంది. చేపల గుంపుని చూపించే పరికరం కొత్తగా పెట్టారు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉపగ్రహ చిత్రాలు చూసి చేపలుండే చోట్లు చెబుతుంది, ఆ సమాచారం ఫోనుకి వస్తోంది. అది మంచి సేవ, డీజిల్ మిగులుతుంది. కానీ చేప మిగిలిన చోటికే మనం నేరుగా వెళ్లిపోతున్నాం కాబట్టి, సముద్రంలో చేప తగ్గుతున్నా గంట లెక్క మాత్రం కదలకుండా నిలబడుతుంది.

కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప విషయంలో జరిగింది ఇదే. పెద్ద ట్రాలర్లు చివరిదాకా గుంపుల్ని వెతికి పట్టుకుంటూ పోయాయి, లెక్కలు బాగానే కనిపించాయి. చేప చిన్నదవుతోంది, ఒడ్డుకి రావడం లేదు అని తీరం దగ్గర వేటాడేవాళ్లు మొత్తుకున్నారు. 1992 జులైలో వేట మొత్తం ఆపేశారు. దాదాపు 30,000 మందికి ఒక్కసారిగా పని పోయింది. అందుకే గంట లెక్క పక్కన దూరం, డీజిల్, పొడవు ఎప్పుడూ ఉండాలి. ఈ నాలుగిట్లో మూడు ఒకే మాట చెబితే నమ్మండి.

చింతపిక్కలతో తూకం

ఇప్పటికి మీ దగ్గర ముప్పయ్యో నలభయ్యో సమస్యలు పోగై ఉంటాయి. అన్నీ ఒకేసారి ముట్టుకోలేరు. ఒక్కో సమస్యకి ఒక కార్డు రాసి నేల మీద పరచండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ పది చింతపిక్కలు ఇవ్వండి. రెండు దఫాలు పెట్టించండి. మొదటిది, ఇది జరిగే అవకాశం ఎంత? రెండోది, జరిగితే నష్టం ఎంత, మళ్లీ కోలుకోవడానికి ఎన్నేళ్లు? రెండు దఫాల పిక్కల్నీ హెచ్చించండి. సొరలు, టేకు చేపలు ఏడాదికి కొద్దిపాటి పిల్లల్నే పెడతాయి కాబట్టి దెబ్బ తింటే తేరుకోవడం చాలా ఆలస్యం. కవళ్లు త్వరగా తేరుకుంటాయి. ఈ తేడా ముందే చెప్పి పెట్టించండి, లేకపోతే పిక్కలన్నీ ధర పలికే చేప మీదే పడతాయి.

కట్టుబాటు

పైన నిలిచిన మూడు నాలుగు సమస్యలకే నియమాలు చేయండి. ఏది ఎవరి చేతిలో ఉందో విడదీయండి. నిషేధ కాలం తేదీలు మీ చేతిలో లేవు. 8 కిలోమీటర్ల గీత అమలు మత్స్య శాఖది. ట్రాల్ వల తోకసంచికి (చేప పోగయ్యే చివరి భాగానికి) చదరపు కన్ను పెట్టడం బోటు ఓనర్ల చేతిలోనే ఉంది. వజ్రం ఆకారపు కన్ను బరువు పడగానే మూసుకుపోతుంది, చదరపు కన్ను తెరుచుకునే ఉంటుంది, పిల్లలు జారిపోతాయి. మత్స్య సాంకేతిక పరిశోధకులు 40 మిల్లీమీటర్ల చదరపు కన్ను సిఫారసు చేస్తారు. ఒక్క బోటుకి పెట్టించి, పక్క బోటుతో నెల రోజులు పోల్చి, పోయిన డబ్బు ఎంతో మీ పుస్తకంలోంచే చూపించండి. ఉపన్యాసాలు ఎవరూ వినరు.

ఊరి కట్టుబాటుతో అయ్యేవి చాలానే ఉన్నాయి. ఏటి మొగలో పిల్లలు లోపలికి వచ్చే వారాల్లో సన్న కన్ను వల ఆపడం, ఫలానా రాతి గుట్ట మీద ఒక కాలంలో వల వేయకపోవడం, ఇలాంటివి. గోదావరి మూతి దగ్గర చీరలతో పట్టే చీరమీను మీద మాత్రం జాగ్రత్తగా మాట్లాడండి. అది రకరకాల చేపల పిల్లలే, నిజం. కానీ దాని మీద ఇళ్లు గడుస్తాయి. చింతచిగురు వేసి వండితే నేనూ వద్దనను. పూర్తిగా మానమనడం కన్నా వారంలో రెండు రోజులు విడిచిపెట్టడం లాంటిది ఒప్పించగలరు.

ప్రతి నియమానికీ గుర్తు ముందే రాసుకోండి. ‘‘కనగర్తల్లో చిన్నవి వరసగా రెండు వారాలు సగం దాటితే, ఆ వల పది రోజులు ఆపాలి’’ అని, ఎవరి వల ఆగుతుందో తెలియకముందే ఒప్పుకోవాలి. తెలిశాక ఎవరూ ఒప్పుకోరు. ఆ పది రోజులూ కళాసీ ఇల్లు ఎలా గడవాలో కూడా అదే పేజీలో ఉండాలి. సంఘం నిధి నుంచో, వేలంలో కిలోకి తీసే రూపాయి నుంచో.

సమీక్షకి నిషేధం రోజులే మేలు. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ జనం దొరుకుతారు. ఏడాది పుస్తకాలన్నీ ఆ నీడలో విప్పండి. పనిచేయని నియమం కొట్టేయండి, గుర్తు మార్చాల్సి వస్తే మార్చండి. ఇక జూన్ 15 నుంచి మొదటి పది రోజులకి చీటీలు తీయొద్దు, రోజూ రేవులో ఉండండి. అన్ని బోట్లూ ఒక్కసారిగా దిగుతాయి, రెండు నెలలు దాచుకున్న పిల్లలు ఏ వలలో పడుతున్నాయో తేలేది ఆ పది రోజుల్లోనే. కొత్త పుస్తకం, ఆరబెట్టిన పలక ముందు రోజు సాయంత్రమే సంచిలో పెట్టుకోండి. మొదటి బోటు తెల్లవారకముందే వస్తుంది.